హోజియా దువ్వెన

హోజియా పోయి నెల దాటినా వర్డెల్ అతని బట్టలు కదిలించలేదు. సొరుగులోంచి ఒక్కటే తీసింది, పూర్వీకులు ఎక్కడివాళ్లో తేల్చే పరీక్షకి ఉమ్మి పట్టి పంపే చిన్న అట్టపెట్టె. హోజియా దాని మూతైనా విప్పకుండానే పోయాడు.

హోజియాకి తోడబుట్టినవాళ్లు లేరు, తల్లి ముఖం తెలియదు. అతనికి రెండేళ్లప్పుడే పోయిన ఆమె మిగిల్చింది టెంపీ అన్న పేరొక్కటే. అమెరికాలోని సవానా ఊళ్లో వాళ్ల నల్లవాళ్ల చర్చిలో ఏటా ఒక ఆదివారం, ఆఫ్రికాలో తమది ఏ తెగో పరీక్ష చేయించుకున్నవాళ్లు లేచి, "మా అమ్మమ్మ తాలూకు వాళ్లు మెండేలట" అని ఒకరూ, "మావాళ్లు టికార్లట" అని ఒకరూ చెప్పేవారు. జనం చప్పట్లు కొట్టేవారు. హోజియా చివరి బల్ల మీద కూర్చుని టోపీ తిప్పుకుంటుండేవాడు.

"పెట్టె తెప్పించి ఏడాదైంది. ఉమ్మడానికి కూడా ముహూర్తం చూడాలా?" అని వర్డెల్ సాధించేది.

"మనవాళ్లు బానిసల ఓడ దిగి రెండొందల ఏళ్లయిందే! ఇంకో వారమాగితే కొంపలేం మునగవు."

ఆసుపత్రిలో మాత్రం ఆ మాట అతనే ఎత్తాడు. "మా అమ్మ ఎక్కడిదో కనుక్కో, వర్డీ."

"లేచొచ్చి నువ్వే కనుక్కో," అని కసిరింది. ఇద్దరూ నవ్వుకున్నారు. మర్నాటికి మనిషి లేడు.

అందుకని కొడుకు మార్లన్ చేత ఉమ్మించి పంపింది. వాడి ముక్కూ నడకా అన్నీ తండ్రివే, ఇంకేం కావాలి? రెండు నెలలకు టెమ్నే తెగవాళ్లని రాసి కాగితం వచ్చింది. దాన్ని హోజియా ఫోటో పక్కన నిలబెట్టి, అతనికిష్టమైన ఎర్రన్నం వండింది. ఆ కాగితం మీద టెంపీ పేరు కూడా వేయించాలని పరీక్ష చేసినవాళ్లకి ఫోన్ చేసింది.

"అమ్మా, ఈ పరీక్ష తల్లి వరసనే చూపిస్తుంది, ఇది మీ అబ్బాయికి తల్లి నుంచి వచ్చింది," అంది అవతలి పిల్ల మెల్లగా. "అంటే మీదే. తల్లి వరస తండ్రి నుంచి పిల్లలకి దిగదు, మీ అత్తగారిది మీవారితోనే ఆగిపోయింది. ఆయన దువ్వెనలో వెంట్రుకేమైనా ఉంటే, వేరేచోట ప్రయత్నించొచ్చేమో..."

దువ్వెనలో వెంట్రుక!

నలభై ఏళ్లుగా అతని దువ్వెనలో చిక్కిన ప్రతి పోగూ తీసి పొయ్యిలో వేసింది వర్డెల్. వెంట్రుక పిట్ట గూటికి చేరితే మనిషికి తలనొప్పి పట్టుకుంటుందని తల్లి నేర్పింది. "పాపం, పిట్టలకి ఓ పోగు వదిలితే నీ సొమ్మేం పోయింది?" అని హోజియా ఏడిపించేవాడు.

సమాధి రోజున జనం వస్తారని అతని బట్టలూ టోపీ దిండు గలీబులూ అన్నీ ఉతికేసింది. పళ్ల బ్రష్షూ గడ్డం కత్తీ పారేసింది. దువ్వెనను సబ్బు నీళ్లలో మరగబెట్టింది.

ఇప్పుడు దాన్ని తెచ్చి కిటికీ వెలుగులో పట్టుకుంది. ప్రతి పన్ను సందులోనూ గోరు పెట్టి గీకింది. తళతళలాడుతోంది.

ఆ ఆదివారం పాస్టరుగారి భార్య, "వర్డెలక్కా, కాగితం వచ్చిందటగా! చెప్పు, చెప్పు," అంది.

వర్డెల్ చివరి బల్ల దగ్గర లేచి నిలబడింది. "మా ఆయన తల్లి పేరు టెంపీ," అంది. "ఎక్కడిదో తెలియదు. ఇంక తెలియదు."

చప్పట్లకని ఎత్తిన చేతులు అలాగే ఆగిపోయాయి. ఆమె కూర్చుంది.