నాయన దిద్దిన పాట

పోయిన ఎండాకాలం. అనంతపురంలో నా రికార్డింగ్ స్టూడియో. స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకండి, మోటార్లకు వైండింగ్ చేసే అంగడి పైన రెండు గదులు. పాడేవాళ్లు ఒక గదిలో, నేనూ నా కంప్యూటరూ ఇంకో గదిలో, మధ్యలో అద్దం. మైకు ఆన్ చేస్తే ఫ్యాను, ఏసీ ఆపేయాలి, లేకపోతే ఆ రొద పాటలోకి దూరుతుంది. ఇలా ఉడికిపోతూ భజన పాటలు, ఎన్నికల పాటలు, పెళ్లి డీజే పాటలు చేసి చేసి నా చెవులు అలిసిపోయాయి. నిజం చెప్పాలంటే పాటంటేనే విసుగు పుట్టింది.

అలాంటప్పుడు ఓబులేసు బ్యాండు రెండో ఆల్బం చేస్తామని వచ్చింది. నలుగురు కుర్రాళ్ల రాక్ బ్యాండు, పాడేది ఓబులేసు. మొదటి ఆల్బం కూడా నా దగ్గరే చేశారు. హాస్టల్ సాంబారు మీద, తప్పిపోయిన ఆఖరి బస్సు మీద గోలగోల పాటలు. కాలేజీ ఫంక్షన్లలో పిల్లలు ఊగిపోయారు. ఇదీ అలాంటిదే, తొందరగా తెమిలిపోతుందనుకున్నాను. తీరా వింటే పాటలన్నీ వాళ్ల నాయన మీదే, ఒక్కదాంట్లోనూ నవ్వు లేదు.

వాళ్ల నాయన నారాయణప్ప కళ్యాణదుర్గం దగ్గరి పల్లెలో బోర్లకు పాయింట్ చూపించేవాడు. పీచు తీయని కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకుని చేనంతా నడవాలి. అది నిటారుగా లేచిన చోట నీళ్లున్నట్టు. మా వైపు ఇలా పాయింట్ చూపించుకోకుండా బోరు బండిని పిలిచేవాళ్లు తక్కువ. ఆయన సొంత తమ్ముడి చేలో పాయింట్ చూపిస్తే, బోరులోంచి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. తమ్ముడు బోరు అప్పుకు చేను అమ్ముకుని బెంగళూరులో వాచ్‌మన్‌గా చేరాడు. అన్నతో మాటలు మానేశాడు. ఓబులేసును చిన్నప్పుడు భుజాల మీద తిప్పింది ఆ చిన్నాయనే.

"ఎవురు ఎగురుతారప్పా ఈ పాటలకు?" అని గిటారు కుర్రాడు మొదటి రోజే గొణిగాడు. ఓబులేసు వినిపించుకోలేదు.

అసలు చిక్కు, ఆల్బంకు ఏ పాట పేరు పెట్టారో ఆ పాట దగ్గర వచ్చింది. వాయిద్యాలకు దారి చూపడానికి ముందుగా ఒక కచ్చా పాట పాడతారు, దాన్ని స్క్రాచ్ అంటాం. తర్వాత అది తీసేసి అసలుది పాడాలి. స్క్రాచ్ ఓబులేసు బ్రహ్మాండంగా పాడాడు. అసలుది పాడేటప్పుడు మాత్రం "కాయ లేచె గానీ నాయనా, నీళ్లు యాడ పడె" అన్న దగ్గరికి రాగానే ఆగిపోతాడు. టేకు మీద టేకు. నాకు ఒళ్లు మండింది.

"పాడతావా, ఇంటికి పోదామా? నేనీడ ఉడికిపోతాండా."

"నాయనకు తెలీకుండా ఎట్ల పాడేదన్నా? ఊరంతా వింటాది. ఆయన్ని నలుగుర్లో నిలబెట్టి తిట్టినట్లుంటాది. పాడకుంటే నాకు ఊపిరాడేట్లు లేదు."

"అయితే ఆయన్నే పిల్చుకొని రా. వద్దంటే పాట తీసేద్దాం."

మర్నాడు పొద్దున నారాయణప్ప వచ్చాడు. బక్కపల్చటి మనిషి. కుర్చీ అంచున కూర్చుని, "ఏమప్పా, ఈడ గాలే రాదే" అన్నాడు. హెడ్‌ఫోన్లు పెట్టి స్క్రాచ్ వినిపించాను. ఓబులేసు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. పాట అయిపోయాక పెద్దాయన హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"బాగుండాది. ఒక మాట తప్పుండాది."

అయిపోయింది, ఇక రచ్చే అనుకున్నాను.

"ఏది నాయనా?"

"కాయ లేచిందని పాడినావు. లేయలేదు. చేనంతా తిరిగినా, యాడా లేయలేదు. బోరు బండి వచ్చి నిలబడిండాది. మీ చిన్నాయన నా మొగమే చూస్తాండాడు. నీళ్లు లేవని చెప్పేకి నోరు రాలేదురా. చెయ్యి వంచి నేనే లేపినా."

ఓబులేసు ఇటు తిరిగాడు. "ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదు?"

"తిట్టినోళ్లే గానీ అడిగినోళ్లు ఎవురున్నార్రా? నువ్వూ అడగలేదు. ఆ మాట దిద్దుకొని పాడు. నేనీడే ఉంటా."

పాడాడు. అద్దానికి ఇవతల నాయన, అవతల కొడుకు, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూనే. "కాయ లేయలేదు నాయనా" అన్న చోట గొంతు వణికింది గానీ ఆగలేదు. నాకు ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఆ వణుకును సాఫ్ట్‌వేర్‌తో సరిచేయడం నిమిషం పని. నేను చేయలేదు.

వెళ్లేటప్పుడు పెద్దాయన కొడుకుతో అన్నాడు: "దీన్ని మీ చిన్నాయన ఫోనుకు పంపు. నేను చేస్తే ఎత్తడు. పాటైతే వింటాడేమో."

ఆల్బం వచ్చింది. కాలేజీలవాళ్లు ఇప్పటికీ సాంబారు పాటే అడుగుతున్నారు. నేను మళ్లీ భజనల్లో పడ్డాను, అలసటేమీ తగ్గలేదు. కాకపోతే ఒకటి తెలిసింది. ఇలాంటి దిగులు పాటలన్నీ ఎవరినో తిట్టడానికే పుడతాయనుకునేవాణ్ణి. ఓబులేసు ఆ పాట పాడింది, ఎన్నాళ్లుగానో అడగలేకపోయిన మాటను అడగడానికి.

మొన్న నారాయణప్ప టౌనుకు వచ్చి మెట్లెక్కాడు. కొడుకును అడగలేకనేమో, తమ్ముడు పాట విన్నాడా అని నన్ను అడిగాడు.

"విన్నట్లు ఓబులేసు ఫోనులో నీలం గుర్తు పడిందంట పెద్దాయనా. జవాబే ఇయ్యలేదు."

ఆయన చెప్పులేసుకుంటూ అన్నాడు:

"విన్నాడు గదా, చాలప్పా. నేను చెప్పాల్సింది చెప్పినా. జవాబు వాని ఇష్టం."