కంచికచర్ల దాకా

మా ఆయనకు నడకంటే ప్రాణం. పెళ్లికి ముందు, ఏటా చలికాలంలో భవానీ మాల వేసుకున్నవాళ్లు బెజవాడ కొండకు కాలినడకన బయల్దేరేటప్పుడు, తనూ వాళ్లతో జత కలిసి జగ్గయ్యపేట నుంచి కొండ దాకా నడిచేవారట. మాల వేసుకుని నడిచిన ఏళ్లున్నాయి, వేసుకోకుండా ఊరికే వెంట వెళ్లిన ఏళ్లూ ఉన్నాయి. "వాడికి అమ్మవారి మీద కంటే రోడ్డు మీద భక్తి ఎక్కువ" అనేది మా వదిన. ఆవిడ ఆయనకు అక్క. నందిగామలో ఉండేది. భర్త పోయిన దగ్గర్నుంచి ఆవిడా ఏటా మాల వేసుకునేది.

పెళ్లయిన కొత్తలో ఒక సాయంత్రం ఇద్దరం చిల్లకల్లు వైపు నడుస్తుంటే ఆయన అన్నారు.

"ఈ ఏడు నువ్వూ వద్దువుగాని."

"అంత దూరం నేనెక్కడ నడుస్తానండీ?"

"నడిచేది నువ్వు కాదుగా, నీ కాళ్లు. వాటినడిగి చెప్పు."

నవ్వి సరేనన్నాను. ఆ ఏడే బూత్ వచ్చింది.

అప్పటిదాకా ఆయన బట్టల కొట్లో గుమాస్తా. ఎస్‌టీడీ బూత్ పెట్టుకుంటే ఒకరి కింద చెయ్యక్కర్లేదనుకున్నాం. బస్టాండుకు దగ్గర్లో చిన్న గది దొరికింది. పసుపు రంగు బోర్డు, లోపల అద్దాల అర, అందులో ఫోను, బల్ల మీద ఎర్ర అంకెలు పరిగెత్తే మీటరు. ఒకరి కింద చెయ్యక్కర్లేదన్న మాట నిజమే అయింది గానీ, ఆ ఫోను కిందే చెయ్యాల్సి వచ్చింది. తెల్లారితే సిమెంటు లారీల డ్రైవర్లు ఇళ్లకు మాట్లాడుకోవడానికి వచ్చేవాళ్లు. మధ్యాహ్నం మిరపకాయల వ్యాపారులు గుంటూరు ధర కనుక్కోవడానికి. రాత్రి రేటు తగ్గాక, పిల్లల్ని హైదరాబాదులో చదివిస్తున్నవాళ్లు. ఆదివారం వస్తే ఊపిరాడేది కాదు.

ఇళ్లలో ఫోన్లు లేని రోజులు. పై ఊళ్ల నుంచి మా నంబరుకు చేసి, ఫలానా వీధిలో ఫలానావాళ్లను పిలవమనేవాళ్లు. ఆయన కుర్చీ వదలడానికి లేదు కాబట్టి పిలవడం నా పని. ఎవరింట్లో ఆడపిల్ల పుట్టిందో, ఎవరి పెద్దాయన పోయారో ఊళ్లో అందరికంటే ముందు మాకు తెలిసేది. చావు కబురు లోపల దాచుకుని, "మీకు ఫోనొచ్చిందండీ, రండి" అని మాత్రం చెప్పి, వాళ్ల పక్కన బూత్ దాకా నడుచుకుంటూ రావడం ఎంత బరువో చేసినవాళ్లకే తెలుస్తుంది. కొందరు దారిలో నా మొహం చూసి కనిపెట్టేసేవాళ్లు. ఒకావిడ మధ్యలోనే ఆగి, "నేను రాను, నువ్వెళ్లిపో" అని వీధిలో కూలబడింది.

మొదటి ఏడాది రెడ్డిగూడెంలో చుట్టాల పెళ్లికని ఒక రోజు బూత్ మూశాం. పన్నెండు రోజుల తర్వాత మా వెనక వీధిలో ఉండే టైలరు వచ్చి నిలబడ్డాడు. గుండు చేయించుకుని ఉన్నాడు.

"మొన్నామధ్య ఒకరోజు లేరాండీ?" అన్నాడు.

"పెళ్లికెళ్లాం. ఏమైంది?"

"మా నాన్న పోయాడండి. మా తమ్ముడు పొద్దుట్నుంచీ మీకే చేస్తున్నాడంట. ఆఖరికి మనిషిని పంపిస్తే తెలిసింది. నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది."

కోపంగా అనలేదు. అందుకే ఆయన మనసులో అది గట్టిగా దిగబడిపోయింది. ఆ తర్వాత పండగ లేదు, జ్వరం లేదు, బూత్ మూసింది లేదు.

ఏటా కార్తీకం వెళ్లేసరికి రోడ్డు మీద ఎర్ర బట్టలు కనిపించేవి. బూత్ ముందు నుంచి "జై భవానీ" అనుకుంటూ గుంపులు వెళ్తుంటే ఆయన కుర్చీలోంచి లేచి గుమ్మం దాకా వచ్చి చూసేవారు. లోపల మీటరు చప్పుడు వినపడగానే వెనక్కి వెళ్లి కూర్చునేవారు.

"మీరు వెళ్లి రండి, మూడు నాలుగు రోజులేగా. నేను చూసుకుంటా" అనేదాన్ని.

"ఒక్కణ్ణే చాలాసార్లు నడిచాగా. ఇక నడిస్తే ఇద్దరమే" అనేవారు.

మాకు పిల్లలు లేరు. మొక్కుకుని నడవండమ్మా, పుడతారు అని చెప్పినవాళ్లున్నారు. ఆ మాట ఆయనతో అంటే ఒప్పుకోలేదు. "మొక్కుకుని నడిచాక పుట్టలేదనుకో, అమ్మవారి మీద కోపం వస్తుంది. ఎందుకొచ్చిన గొడవ. నడిస్తే ఊరికే నడుద్దాం" అన్నారు. నాకది బాగా నచ్చింది. కానీ ఆ ఏడూ కుదరలేదు, పైయేడూ కుదరలేదు.

అన్నేళ్లు కూర్చున్న కుర్చీలోనే ఆయనకు షుగరు వచ్చింది. ఎప్పుడు మొదలైందో తెలియదు. ఒళ్లు తగ్గుతుంటే పని ఎక్కువై అనుకున్నాం. ఒకరోజు కాళ్లు కడుక్కుంటుంటే కుడికాలి బొటనవేలి కింద పుండు నేను చూశాను. చెప్పులో మేకు లేచి గుచ్చుకుంటోంది. ఎన్నాళ్ల నుంచో ఏమో, ఆయనకు నొప్పే తెలియలేదు. ఆసుపత్రికి వెళ్దామంటే, "ఈ ఆదివారం పోనీ" అన్నారు. ఆదివారం పోయింది. సోమవారం మిలిటరీలో ఉన్న ఎవరో అబ్బాయి ఇంటికి ఫోన్ చేస్తానన్నాడని ఆగారు. అలా ఆగి ఆగి, వాసన వస్తుంటే అప్పుడు బెజవాడ వెళ్లాం. ముందు వేలు తీశారు. తర్వాత నెల తిరక్కుండా మోకాలి కిందికి తీసేశారు.

పుండు మాని, పెట్టుడు కాలు వేయించుకుని ఆయన మళ్లీ బూత్‌లో కూర్చునే నాటికి ఊళ్లో సెల్‌ఫోన్లు వచ్చాయి. మొదట పెద్ద వ్యాపారస్తుల చేతుల్లో, తర్వాత లారీ డ్రైవర్ల జేబుల్లో, తర్వాత కూరగాయలమ్మే ఆవిడ దగ్గర కూడా. మా ఫోను మోగడం తగ్గి, ఒకటీ అరా మిగిలి, అదీ ఆగిపోయింది. పొద్దున్నే తలుపు తీసి, మీటరు తుడిచి, ఇద్దరం ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. దారిలో పోయేవాళ్లు సెల్‌లో మాట్లాడుకుంటూ మా గుమ్మం ముందు నీడలో నిలబడేవాళ్లు.

"చూశావా, ఇప్పుడు తీరికే తీరిక" అన్నారాయన ఒకరోజు. నవ్వుతూనే అన్నారు. నేను లేచి లోపలికి వెళ్లిపోయాను.

ఆ చలికాలం వదిన నందిగామ నుంచి వచ్చింది. మాలలో ఉంది. జగ్గయ్యపేటలో తన బృందంతో కలిసి ఇక్కణ్ణుంచే నడక మొదలుపెడుతుందట. అన్నం తింటూ ఉండగా ఆయనే ఎత్తారు.

"అక్కా, దీన్ని కూడా తీసుకెళ్లు."

"నేనెక్కడికండీ, మిమ్మల్ని వదిలి" అన్నాను.

"వదలడమేంటి? నువ్వు నడువు, నేను బస్సెక్కుతా. నందిగామ బస్టాండులో ఉంటా, నువ్వొచ్చేదాకా. మర్నాడు కంచికచర్లలో ఉంటా. తర్వాత ఇబ్రహీంపట్నం. ప్రతి ఊళ్లో నీకంటే ముందుంటా."

వదిన నావైపు చూసింది. "వాడి మాట విను. ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు ఇద్దరూ?" అంది.

బూత్‌కు తాళం వేశాం. ఎవరూ అడగలేదు.

తెల్లవారకముందే బయల్దేరాం. పెద్ద రోడ్డెక్కేసరికి మంచు దట్టంగా ఉంది. లారీల దీపాలు దగ్గరికొచ్చేదాకా కనపడేవి కావు. రోడ్డు వెడల్పు చేస్తున్నారేమో, పాత చింతచెట్లు కొట్టేసి దుంగలు పక్కన పడేశారు. పొద్దెక్కాక నీడ లేదు. వట్టికాళ్లతో నడిచేవాళ్లు కంకర మీద అడుగు చూసుకుంటూ వేస్తున్నారు. నాకు చెప్పులున్నాయి, అయినా మధ్యాహ్నానికి మడమలు బొబ్బలెక్కాయి. కానీ ఒళ్లంతా తేలిగ్గా ఉంది. ఎవరినీ పిలవడానికి కాకుండా, ఎవరికీ ఏమీ చెప్పడానికి కాకుండా నడవడం ఎన్నేళ్లకో. ఆయన దీనికోసం ఎందుకంత కొట్టుకున్నారో నాకారోజు అర్థమైంది. అర్థమయ్యాక ఏడుపొచ్చింది.

చీకటి పడే వేళకు నందిగామ చేరాం. బస్టాండు బల్ల మీద ఆయన అరటిపళ్ల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పొద్దుటి నుంచి అక్కడే.

"ఎట్లా ఉంది?" అని నా కాళ్ల వైపు చూశారు.

"నొప్పిగా ఉందండీ."

"అదృష్టవంతురాలివి" అన్నారు.

ఆ రాత్రి వదిన ఇంట్లోనే పడుకున్నాం. ఆయన నన్ను దారంతా అడిగి చెప్పించుకున్నారు. ఏ మలుపు దగ్గర టీ కొట్టుంది, ఫలానా బావి పూడ్చేశారా, కొట్టేసిన చెట్లు ఎటు వైపువి, అన్నీ.

మర్నాడు ఆయన్ను కంచికచర్ల బస్సెక్కించి మేం నడక మొదలుపెట్టాం. కీసర దగ్గర మున్నేటి వంతెన దాటాం. ఏటిలో నీళ్లు సన్నగా ఉన్నాయి. బృందం స్నానాలకని దిగితే నేనూ కాళ్లు తడుపుకున్నాను. అక్కణ్ణుంచి కంచికచర్ల ఇంక దగ్గరే. ఊరి బయట పొలాల మధ్య తూము గోడ మీద ఎవరో మనిషి కూర్చుని కనిపించాడు. చొక్కా రంగు చూసి ముందు వదిన గుర్తుపట్టింది.

"ఒసేయ్, మా వాడేనే!"

పరిగెత్తాను. ఆయన చేతిలో కర్ర ఉంది. మొహం నిండా చెమట. బస్సు దిగి, బస్టాండులో కాసేపు కూర్చుని, ఉండబట్టలేక మాకు ఎదురుగా నడిచి వచ్చేశారు. ఆ పెట్టుడు కాలితో ఇంట్లోంచి బూత్ దాకా నడవడమే ఆయనకు గొప్ప.

"ఏంటండీ ఈ పని? ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని?"

"కొంచెం దూరమైనా నీతో నడుద్దామని వచ్చా. ఇక్కణ్ణుంచి ఊళ్లోకి కలిసి పోదాం."

ప్యాంటు మడిచి చూశాను. మోకాలి కింద పెట్టుడు కాలు తగిలించే చోట చుట్టిన గుడ్డ తడిసి ఎర్రగా ఉంది.

"ఆటో పిలుస్తా, ఉండండి."

"ఆటోలో కూర్చోడానికా ఇంత దూరం వచ్చింది?" అన్నారు. గొంతు పెద్దది చెయ్యలేదు. "నాకు నొప్పి లేదు. నిజంగా లేదు."

నొప్పి ఉండదని నాకూ తెలుసు. అదే భయం. వదిన వైపు చూశాను. ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని తల తిప్పుకుంది. బృందం వాళ్లు ముందుకు వెళ్లిపోయారు.

నడిచాం. ఒక చెయ్యి కర్ర మీద, ఒక చెయ్యి నా భుజం మీద. నాలుగడుగులకోసారి ఆగాం. లారీలు పక్కనుంచి వెళ్తుంటే గాలికి ఆయన తూలేవారు, నేను పట్టుకునేదాన్ని. పత్తి చేలు చూపించి, ఒకప్పుడు ఇక్కడ అన్నీ జొన్నలే వేసేవాళ్లని చెప్పారు. ఇంకేం మాట్లాడుకోలేదు. మాతోబాటు బయల్దేరినవాళ్లు అప్పటికి పరిటాల దాటి ఉంటారు. బస్టాండు చేరేసరికి ఆయన కూర్చోలేదు, పడిపోయినట్టు బల్ల మీద ఒరిగిపోయారు. మొహం మాత్రం, నేను పెళ్లిలో చూసిన మొహం.

నా నడక అక్కడితో ఆగిపోయింది. వదిన కొండకు వెళ్లింది, నేను ఆయన్ను తీసుకుని వెనక్కి వచ్చే బస్సెక్కాను. రోజూ కట్లు కట్టించాం. డాక్టరు కట్టు విప్పినప్పుడల్లా నన్నే తిట్టాడు. "చదువుకున్నవాళ్లలా ఉన్నారు, ఆ కాలితో రోడ్డు మీద నడిపిస్తారా?" అన్నాడు. ఆయన మంచం మీద నుంచి, "ఆవిణ్ణి అనకండి, నేనే నడిచా" అంటే వినిపించుకోలేదు. సంక్రాంతి వెళ్లాక జ్వరం పట్టుకుంది. బెజవాడలో ఈసారి మోకాలి పైకి తీశారు. విషం అప్పటికే ఒంట్లోకి పాకిందన్నారు. ఎండలు ముదరకముందే ఆయన పోయారు.

ఆ కబురు చెప్పడానికి నేనెవరింటికీ వెళ్లక్కర్లేకపోయింది. అందరి దగ్గరా సెల్‌ఫోన్లున్నాయి.

దినకార్యాలకు వచ్చినవాళ్లు నాకు వినపడేలాగే అనుకున్నారు. అవిటి మనిషిని ఊళ్లు తిప్పి చంపుకుందని. వదిన వాళ్లను కాదనలేదు, అవుననలేదు. నాతో మాత్రం మాట్లాడలేదు. పదమూడో రోజు పొద్దున్నే బస్సెక్కి వెళ్లిపోయింది. బూత్ సామాను ఎవరూ కొనలేదు. పాత ఇనప సామాను వాడికిచ్చేశాను. ఒక రెడీమేడ్ బట్టల కొట్లో పనికి కుదిరాను.

ఏడాది తిరిగాక తద్దినానికి వదిన వచ్చింది. వంటలయ్యాయి, విస్తళ్లు ఎత్తాం, వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. ఇద్దరమే మిగిలాం. ఆవిడ నాకు కంచంలో వడ్డించి వంటింటి గుమ్మంలో కూర్చుంది.

"నేను వెనక నడిచాను కదా ఆరోజు" అంది. "వాడు నీతో ఏదో చెప్తున్నాడు, చెయ్యి చాపి. లారీల మోతకు నాకు వినపళ్లేదు. ఏం చెప్పాడే?"

"జొన్న చేల గురించి వదినా."

"అంతేనా?"

"అంతే."

ఆవిడ తల ఊపింది. నా కంచం ముందుకు జరిపి, "తిను, చల్లారిపోతోంది" అని తనే అన్నం కలిపి పెట్టింది.