మా వంతు నాలుగు బారలు

నా చిన్నప్పుడు మా ఊరి వాగుకు మట్టికట్ట నేనొక్కడినే పోశానని మనవళ్లకు చాలాసార్లు చెప్పాను. వెయ్యి తట్టలు మోశానన్నాను. పెద్దవాడికి కాస్త తెలివి వచ్చాక వెయ్యి కాస్తా ఐదువందలైంది. ఇప్పుడు మోకాళ్లు లేవడం లేదు, అబద్ధాలు మోసే ఓపికా లేదు. జరిగింది చెప్పేస్తాను.

ఉదయగిరి కొండమీద వాన పడితే చాలు, మా వాగు ఊరిమీదికి వచ్చేది. ముందటేడు పల్లపు వీధిలో నాలుగు ఇళ్లు, గుంజలకు కట్టేసిన దూడలు కొట్టుకుపోయాయి. అందుకని ఊరంతా కలిసి కట్ట వేయడానికి పూనుకుంది. ఇంటికి నాలుగు బారలు వంతు. మా నాయన చలిజ్వరంతో మంచంలో ఉండడంతో మా వంతు అవ్వ మీదా, పదేళ్ల నా మీదా పడింది.

బంకమట్టి అర మైలు దూరాన ఎండిన చెరువులోంచి తేవాలి. అవ్వ తవ్వి ఎత్తేది, నేను మోసేవాణ్ణి. మూడోనాడు నడుము పట్టేసి అవ్వ ఇంట్లో ఉండిపోయింది. నా నెత్తి అప్పటికే బొబ్బలెక్కింది. ఇసుక చూస్తే కట్ట పక్కనే, వాగులోనే ఉంది. అందరూ ఇళ్లకు పోయాక చీకట్లో లోపలంతా ఇసుక నింపి పైన జానెడు బంకమట్టి కప్పేశాను. మట్టి గట్టిపడడానికి ఊరివాళ్లు గొర్రెలమందను తోలి కట్టను తొక్కించాక మా వంతే అందరిదానికంటే నున్నగా కనబడింది. మంచంలో ఉన్న నాయనకు గొప్పలు కూడా చెప్పుకున్నాను.

చివరిరోజు పని చూసే పెద్దాయన ప్రతి వంతులోనూ మోచేతి లోతు గుంట తీయించి కడవెడు నీళ్లు పోయించాడు. నీళ్లు నిలిస్తే వంతు తీరినట్టు. నడుము పట్టుకుని అవ్వ కూడా వచ్చింది. మా గుంటలో నీళ్లు పోసినవి పోసినట్టే ఇంకిపోయాయి.

"ఏందత్తా ఇది? ఇసక పోసినారా? ఈడ తెగిందంటే పల్లపు వీధి మొత్తం పోతాది!" అన్నాడాయన.

నేను అవ్వ వెనక్కి జరిగాను. అవ్వ నావైపు ఒకసారి చూసింది.

"నేనే పోసినానబ్బయా. చెరువు దాకా పోలేకపోయినాను. తీసి మళ్లా పోస్తాలే."

"పిల్లోడికుండే బుద్ధి కూడా లేకపాయె ముసిలిదానికి" అన్నారెవరో. నేను తలవంచుకున్నాను గానీ నోరు విప్పలేదు.

అవ్వ నడుముకు గుడ్డ బిగించుకుని, నాతోపాటు మూడురోజులు ఆ ఇసుకంతా తోడి మళ్లీ బంకమట్టి పోసింది. తిడుతుందేమోనని చూశాను, తిట్టలేదు. ఉండబట్టలేక నేనే అడిగాను, నా పేరెందుకు చెప్పలేదని.

"నువ్వు ఈ ఊళ్లో ఇంకా శానా దినాలు బతకాల. నాకేముండాదిరా? తట్ట ఎత్తు."

ఆ నెలలోనే వాగు వచ్చింది. నీళ్లు కట్ట అంచుదాకా ఎక్కి దిగిపోయాయి. మా నాలుగు బారలూ నిలిచాయి, పల్లపు వీధి నిలిచింది. అవ్వకు మాత్రం ఇసకవ్వ అన్న పేరు చచ్చేదాకా పోలేదు. ఆ పేరు పెట్టి నవ్వేవాళ్లతో కలిసి నేనూ నవ్విన రోజులున్నాయి.

ఇప్పటికీ ఊళ్లో ముసలివాళ్లు నన్ను ఇసకవ్వ మనవడనే అంటారు. ఆ ఇసుక పోసింది నేనేనని ఈమధ్య కనబడ్డవాళ్లందరికీ చెబుతున్నాను. ఒక్కరూ నమ్మడం లేదు. అవ్వ తప్పు నెత్తిన వేసుకుంటున్న మంచివాణ్ణంటూ మెచ్చుకుంటున్నారు.