అమావాస్య నాడు కనిపించిన చంద్రుడు

“అమావాస్య నాడు చంద్రుడెక్కణ్ణుంచి వస్తాడయ్యా? నీ ఒక్కడి కోసం ప్రత్యేకంగా దిగుతాడా?”

“దిగాడుగా! అదిగో, నీళ్ల ట్యాంకు పక్కన. గుండ్రంగా, తెల్లగా. నీకు కళ్లున్నాయా లేవా?”

“నాకున్నాయి. నీవే షెడ్డులో మర్చిపోయొచ్చినట్టున్నావు.”

డాబా మెట్ల మీద తమ్ముడు ఆగిపోయాడు. పైన పోట్లాడుకుంటున్నది అతని అక్కా, బావా. మామూలు రోజైతే పైకెళ్లి మంటలో ఇంకాస్త నెయ్యి పోసేవాడే. ఇవాళ ఆ మెట్టు మీదే నిలబడి విన్నాడు.

“ట్యాంకు సంగతి తర్వాత. ఇటు నా మొహం చూడు,” అంది అక్క.



“ఇక్కడికీ వచ్చాడే,” అన్నాడు బావ. ఇందాకటి పొగరు ఆ గొంతులో లేదు. “నీ మొహం మీదే ఉన్నాడు. కళ్లూ ముక్కూ కనపడట్లేదు.”

బావ వెల్డరు. తమ్ముడు కాలేజీకి మధ్యలోనే దణ్ణం పెట్టి, అదే షెడ్డులో గ్రైండింగ్ మిషను పట్టుకున్నాడు. ఏ గేటుకైనా ముందు ఇనప ముక్కలు కదలకుండా అక్కడొకటి ఇక్కడొకటి చుక్కలు వేసి అతికిస్తారు. ఒక చేతిలో వెల్డింగ్ కడ్డీ బిగించిన హోల్డరు, ఇంకో చేతిలో ముక్క. మొహానికి నల్లద్దం అడ్డం పెట్టుకోవడానికి మూడో చెయ్యి ఎవడికుంది? అందుకని కళ్లు గట్టిగా మూసుకుని చుక్క వేసేస్తారు. రెప్పల్లోంచి కూడా ఎర్రగా వెలుగు దూరుతుంది. అది లెక్కలోకి రాదు. చూడకుండా చుక్క వేసినవాడే మొనగాడు ఆ షెడ్డులో. బావని మించిన మొనగాడు లేడు.

పని దిగాక అతనికి డాబా, టీ గ్లాసు, ఆకాశం ఉండాలి. “పగలంతా నిప్పుతో చచ్చే కళ్లకి కాస్త చల్లటి వెలుగు చూపించొద్దురా?” అనేవాడు. చంద్రుణ్ణి ఊరికే చంద్రుడు అనడు. విదియ వచ్చాడంటాడు, చవితి కాస్త బలిశాడంటాడు, దశమి తిని కూర్చున్నాడంటాడు. షెడ్డు ఓనరు బట్టతల పున్నమి. తమ్ముడికీ ఒక పేరుండేది.

“నువ్వు అష్టమిరా. చదువూ సగమే, బుద్ధీ సగమే.”

“ఇంకో వారం ఆగితే నిండుతాను కదా బావా!”

“శుక్లపక్షమైతే నిండేవాడివే. నీది కృష్ణపక్షం.”

అక్క పక్కన కూర్చుని మూతి తిప్పేది. “ఈ తిథులన్నీ తెలిసి ఏం ఒరిగింది? అడవిగాచిన వెన్నెల.” అంటూనే రోజూ ఆవిడే ముందు తలెత్తి చూసేది.

కొంతకాలంగా బావ వేసే అతుకు పక్కకి పోతోంది. ఓనరు చూసేలోపు తమ్ముడు దాన్ని అరగదీసేవాడు, ఇంకొకళ్ల చేత మళ్లీ వేయించేవాడు. బావ అడగలేదు, అతను చెప్పలేదు. కళ్లు అలిసిపోయాయంతే, సెలవు పెడితే సర్దుకుంటాయి అనుకున్నారు ఇద్దరూ. ఆ అమావాస్య చంద్రుడొచ్చాక ఇద్దరూ అలా అనుకోలేకపోయారు.

మర్నాడు కంటి డాక్టరు చాలాసేపు చూసింది. వెల్డింగ్ వెలుగుకి కంటి నడిమధ్యన కాలిపోయి మచ్చపడిందట. అంచుల్లో కాస్త చూపు మిగులుతుందట.

“మందేదైనా...” అంది అక్క.

“లేదమ్మా.”

ఆ మర్నాడు ఓనరు కుర్చీ వేసి కూర్చోబెట్టి, “ముందు కళ్లు బాగుచేసుకో, తర్వాత చూద్దాం,” అన్నాడు. ఆ ‘తర్వాత’ ఎప్పుడూ రాదని షెడ్డులో అందరికీ తెలుసు. ఆ మాట ఆరకముందే బావ హోల్డరు ఇంకొకడి చేతిలో ఉంది.

ఆ సాయంత్రం ముగ్గురూ డాబా ఎక్కారు. విదియ. పడమటివైపు ఇళ్ల కప్పుల మీద కత్తిరించి పడేసిన గోరంత నెలవంక. అక్క టీ అందిస్తే బావ చెయ్యి గ్లాసు పక్కనున్న గాలిని పట్టుకుంది. ఆవిడ గ్లాసుని అతని అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

అతను పడమటికేసి చూశాడు. తల కుడికి తిప్పాడు, ఎడమకి తిప్పాడు, కోడిలా ఓరగా చూశాడు.

“ఉన్నాడట్రా?”

“ఉన్నాడు బావా. పెద్దగా, బ్రహ్మాండంగా ఉన్నాడు. నాలుగు రోజులు పోతే నీకూ కనిపిస్తాడు.”

“విదియ చంద్రుడు బ్రహ్మాండంగా ఉంటాడట్రా గాడిదా?”

బావ నవ్వబోయాడు. కుదర్లేదు. అక్క మొహం అటు తిప్పుకుంది. అటు తిప్పుకోనక్కర్లేదన్న సంగతి ఆవిడకి ఇంకా అలవాటు కాలేదు.

“ఒరేయ్ బామ్మర్దీ,” అన్నాడు బావ, టీ తాగకుండానే. “రోజూ పైకొచ్చి చూసి చెప్పరా. సగం, ముక్క అనొద్దు, పేరు పెట్టి చెప్పు. తదియైతే తదియ అను. మబ్బు పడితే మబ్బను. నామీద జాలిపడి మాత్రం పున్నమిని ముందే తెచ్చెయ్యకు.”