పెద్దమ్మ వెతికిన గండి

రెండు వారాల కిందట శుక్రవారం పొద్దున మా రేపల్లె పెద్దమ్మ పోయింది. నేను బాపట్ల స్టేషన్లో దిగి, కాలేజీకి ఆటో మాట్లాడుకుంటుంటే ఫోనొచ్చింది. అక్కడి తన ఇంటికి సున్నాలు వేయించాలని అంతకు వారం ముందే తెనాలిలో మా ఇంటి నుంచి రేపల్లె వెళ్ళింది. నిద్రలోనే ప్రాణం పోయిందని పక్కింటాయన చెప్పాడు. ఎట్లా పోయింది, ఎందుకు పోయింది, నిన్న ఏం తిన్నది అని నేను అడుగుతూనే ఉన్నాను. ఆయన పాపం తెలిసిందంతా చెప్పాడు. అట్లా వదలకుండా అడగటం నాకు అబ్బింది ఆమె దగ్గరే.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. పుట్టిల్లు వేమూరు దగ్గర, కాలవ కింద పొలాలున్న ఇల్లు. మెట్టినిల్లు రేపల్లె. పెదనాన్న పోయాక, మా పిల్లాడు పుట్టినప్పుడు సాయానికని తెనాలి వచ్చింది. నేనూ మా ఆవిడా ఉద్యోగాలకి పోతాం కాబట్టి ఇక వెళ్ళనివ్వలేదు. వాడికి ఆమే నానమ్మ.

ఆమెకి ఏ వస్తువునీ ఊరికే చూడటం చేతకాదు. మిక్సీ మోత మారితే దగ్గర కూర్చుని చెవి పెట్టేది. ఒకసారి గ్యాస్ బండ తెచ్చినతన్ని నిలబెట్టి, "ఏంటి బాబూ, పొయ్యి వెలుగుతుంటే బండ వేడెక్కాలి గానీ చల్లబడుతుందేంటి?" అని అడిగింది. "నాకు తెలీదండి, నేను మోసేవాణ్ణే" అని అతను ఒకటే పరుగు. సాయంత్రం ఆ ప్రశ్న నా మీద పడింది.

ఇక అసలు సంగతికొస్తాను. చంటిపిల్లలున్న ఇళ్ళవాళ్ళకి ఇది చప్పున అర్థమవుతుంది. పెద్దమ్మ పక్కలో పడుకునే మావాడు రెండో ఏట పడ్డాక రాత్రిళ్ళు డైపరు దాటించి పక్క తడపటం మొదలుపెట్టాడు. పొద్దున లేచేసరికి బనీను తడి, దుప్పటి తడి, పెద్దమ్మ చీర కూడా తడి. వాడి తొడలు ఒరిసిపోయి ఎర్రబడ్డాయి. దానికి తోడు జలుబు. ముందు వాణ్ణి పొడిగా ఉంచండి అన్నాడు డాక్టరు. ఎట్లా ఉంచాలో చెప్పలేదు.

"అత్తయ్యగారూ, రాత్రిపూట లేచి పాలేమన్నా పడుతున్నారా?" అంది మా ఆవిడ.

"లేదమ్మాయ్. నువ్వు పట్టినవే."

"అయితే వచ్చే వారం నుంచి వాణ్ణి మా గదిలో ఉయ్యాల మంచంలో పడుకోబెట్టుకుంటామండి. మీకు కూడా ఆ తడి మంచిది కాదు."

మా ఆవిడ మంచికే అంది. పెద్దమ్మ తలూపింది. కానీ నేను స్టేషన్‌కి బయల్దేరుతుంటే గేటు దాకా వచ్చి, "వాడి కాలు నా పొట్ట మీద లేకపోతే నాకు నిద్ర రాదురా. ఈ వారంలో ఎట్లాగో దీని సంగతి చూస్తాను" అంది. మా పెదనాన్న పోయినప్పటి నుంచీ ఆమె నిద్ర ఎంత అంతంతమాత్రమో నాకు తెలుసు. నాకు రైల్లో కూర్చున్నా అదే మనసులో తిరిగింది.

ఆ రోజే పరిశోధన మొదలు. ఒక కొత్త డైపరుని కత్తెరతో కోసి వరండాలో పరిచింది. లోపలున్న పొడి మీద చెంబుతో నీళ్ళు పోస్తే నానబెట్టిన సగ్గుబియ్యంలా ఉబ్బింది. "ఇది బాగానే తాగుతోంది. మరి ఉచ్చ బయటికెట్లా వస్తోందిరా?" అని నేను ఇంటికి రాగానే అడిగింది. నేను కంపెనీని తిట్టాను. ఆమె తిట్టలేదు. ముందుది వెనక్కి పెడుతున్నామేమో అని ఆ సాయంత్రం తిరగేసి తొడిగింది. పొద్దున్నకి దిండు కూడా తడిసింది. దిండెట్లా తడిసిందో మాకెవరికీ అంతుపట్టలేదు. మా ఆవిడ కోపం మర్చిపోయి పడీపడీ నవ్వింది.

ఆ నవ్వుతో మా ఆవిడకి కూడా పట్టుదల వచ్చింది. రాత్రికి మాత్రం ఒక సైజు పెద్దది తెచ్చింది. తొడల దగ్గర కుచ్చులు లోపలికి మడతపడుతున్నాయని కనిపెట్టి, వేలుతో బయటికి లాగి సర్దింది. పాలు కాస్త ముందుగా పట్టి, సరిగ్గా పడుకోబెట్టే ముందు డైపరు మార్చింది. తొడల వైపు కారటం ఆగింది. పొట్ట దగ్గర మాత్రం బనీను తడుస్తూనే ఉంది. వాడేమో బోర్లా పడుకునే రకం.

"గట్టు కారేచోట మట్టి మెత్తితే ఏం లాభంరా? లోపల నీళ్ళు ఎక్కడ దూరుతున్నాయో అక్కడికి పోవాలి. మా నాన్న ఎండ్రకాయ బొక్క దొరికిందాకా గట్టు దిగేవాడు కాదు" అంది పెద్దమ్మ. పొద్దున్నే బనీను అంగుళం అంగుళం తడిమి చూసేది. అన్నిటికంటే ఎక్కువ తడి బొడ్డు పక్కన, తాయెత్తు ఆనే చోట.

ఆ తాయెత్తు ఆమె కట్టిందే. వాడి బారసాలకి నల్లదారం మొలతాడు కట్టి, పొడుగ్గా వదిలిన కొసకి దాన్ని ముడేసింది. లోపల ఉంటే పొట్టకి ఒత్తుకుంటుందని, రోజూ డైపరు తొడిగాక కొస మాత్రం పట్టీ మీదుగా బయటికి లాగేది. తాడు లోపల, కొస బయట.

ఆ సాయంత్రం దీపం పెడుతూ, వత్తి నూనెలో వేసి అట్లాగే ఆగిపోయింది. "ఒరేయ్, ఇట్రా!" అని కేక. గ్లాసులో నీళ్ళు పోసి, మిగిలిన నల్లదారం ముక్క అందులో వేసి, కొస అంచు మీదుగా కిందికి వదిలింది. మేం టిఫిన్లు తిని వచ్చేసరికి కొస కింద గచ్చు తడిసి ఉంది. పెద్దమ్మ మొహం చిన్నపిల్లలా వెలిగింది. "దీపం వత్తి నూనె పీల్చినట్టు ఇది పీలుస్తోందిరా!" అంది. ఆ వెంటనే మొహం వాడిపోయింది. కట్టింది తనే, రోజూ బయటికి లాగిందీ తనే.

"పోనీ తీసేద్దామా అత్తయ్యగారూ?" అని మా ఆవిడ మెల్లగా అడిగింది.

మగపిల్లాడి మొల బోసిగా ఉంచటం మా ఇళ్ళలో లేదు. పెద్దమ్మకి ఆ పట్టింపు ఇంకా ఎక్కువ. మర్నాడు సాయంత్రం నన్ను వెంటపెట్టుకుని వెండి కొట్టుకి పోయింది. గ్లాసుడు మంచినీళ్ళు అడిగింది. తాగటానికేమో అని కొట్టతను ఇచ్చాడు. వెండి మొలతాడు అందులో ముంచి, కొస బయటికి వేసి, స్టూలు మీద కూర్చుంది.

"ఏంటండీ, మెరుగు పోతుందనా?"

"కాదు బాబూ. ఇది నీళ్ళు తాగుతుందేమో చూస్తున్నా."

తాగలేదు. ఇంటికొచ్చాక ఒక్క మాట మీద నిలబడింది. ముందు కొత్తది కట్టాలి, ఆ తర్వాతే పాతది కోయాలి. వాడి మొల ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉండకూడదు. మా ఆవిడ వెండిది కట్టి, డైపరు పట్టీకి పైన ఉండేట్టు జరిపింది. అప్పుడు పెద్దమ్మ మొహం పక్కకి తిప్పుకుని నల్లదారం కోసింది.

పొద్దున బనీను పొడిగా ఉంది. పెద్దమ్మ గొప్పలేమీ పోలేదు. కాఫీ తాగుతూ, "వెండి ఎందుకు తాగదంటావురా?" అని నన్ను అడిగింది.

మా ఆవిడ ఆ మాటకి నవ్వి, "ఆ ఉయ్యాల మంచం మీద ఇస్త్రీ బట్టలు పెట్టుకుంటానండి" అంది. పెద్దమ్మ కళ్ళు తుడుచుకోవటం నేను చూశాను.

నిన్న కర్మలు ముగించుకుని రేపల్లె నుంచి తెనాలి వచ్చాం. రాత్రి పెద్దమ్మ మంచం మీద పక్క వేస్తే మావాడు గోడ వైపుకి జరిగి పడుకున్నాడు. మా ఆవిడ పక్కన ఒరగబోతే "అమ్మా, అక్కడ కాదు" అన్నాడు. తను లేచి కింద చాప పరుచుకుంది. పొద్దున వెళ్ళి చూశాను. వాడు గోడకి అతుక్కుని నిద్రపోతున్నాడు. మిగతా సగంలో దుప్పటి ఒక్క ముడత కూడా పడకుండా, పొడిగా ఉంది.