మార్తమ్మ పిడికెడు బియ్యం

వరి పండే ఊరికి బియ్యం మోసుకుంటూ రైలెక్కిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. అంతా మా అమ్మ మార్తమ్మ పుణ్యం. జ్వరం వచ్చిందని సామర్లకోటలో మా ఇంటికి తెచ్చుకున్నాం. వచ్చిన దగ్గర్నుంచీ నేను వంటకు కొలిచిన బియ్యంలోంచి పూటపూటా ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసేది. మా ఊరి క్రైస్తవుల ఆనవాయితీ అది. ఆదివారం గుడికి, అంటే మా చర్చికి పట్టుకెళ్తే, మంచం పట్టినవాళ్ళకు ఇస్తారు. నా చిన్నప్పుడు ఇంట్లో గింజ లేని రోజున కూడా అమ్మ ఆ డబ్బా ముట్టనివ్వలేదు.

జ్వరం తగ్గింది, డబ్బా నిండింది, అమ్మ తిండి మానేసింది. "నా బియ్యం ఊరు సేరకుండా నాకు ముద్ద దిగదే," అంది. ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చాలన్నాడు డాక్టరు. నాకు ఒళ్ళూ మండింది, భయమూ వేసింది. బియ్యం సంచిలో పోసుకుని ఉదయం ఏడు గంటల రైలెక్కాను.

ఎక్కడికని, సంచిలో ఏముందని ఎదుటి సీటావిడ అడిగింది. చెప్పాను.

"అనకాపల్లి నుంచి బెల్లం తెచ్చుకుంటారు గానీ, బియ్యం పట్టుకెళ్తారేటమ్మా!" అని పకపకా నవ్వింది. నాకూ అదే అర్థం కావడం లేదు మరి.

తొమ్మిదిన్నరకు అనకాపల్లిలో దిగి, స్టేషన్ బయట ఇడ్లీ తిని, షేర్ ఆటోలో కశింకోట, అక్కడ ఇంకో ఆటో మారి ఊరు చేరాను. తీరా చూస్తే గుడికి తాళం! ఈమధ్య మనవాళ్ళంతా ఆదివారాలు టౌన్లో పెద్ద గుడికి పోతున్నారట. సంచి పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాను. అమ్మకి ఏం చెప్పను? చెరుకు బండి తోలుకెళ్తున్న ఒకాయన ఆగి అడిగితే, సంచి సంగతి చెప్పాను.

"పిడికెడు బియ్యమా? అప్పలనరసమ్మకిచ్చీ."

"ఆవిడ మనవాళ్ళు కాదుగా?"

"కాదు. అయితే ఏటి?"

అప్పలనరసమ్మ అమ్మకి పొరుగావిడ, అక్క వరస కలిపి అమ్మని 'అప్ప' అంటుంది. పసుపు రాసిన గడప, గోడ మీద సింహాచలం అప్పన్న పటం, దాని కిందే బియ్యం డబ్బా. నాకు మతి పోయింది.

"నాను కామెర్లతో పడున్నప్పుడు మీ అమ్మే గదా ఈ బియ్యంతో గంజి కాసి పట్టింది. అప్పట్నుంచి నానూ పిడికెడు తీత్తన్నాను. అప్ప మీ ఇంటికొచ్చేసేక జబ్బోళ్ళ ఇళ్ళకి నానే పట్టుకెళ్తన్నాను."

"మరి మీ దేవుడు పిన్నీ..."

"మా అప్పన్న ఏటీ అనడు గానీ, అప్ప ఎలగుంది?"

తినడం లేదని చెప్పేసరికి నాకు ఏడుపొచ్చేసింది. ఆవిడ నా బియ్యం తన డబ్బాలో గుమ్మరించి, చేత్తో కలిపి, అందులోంచే మళ్ళీ నా సంచిలోకి పోసింది.

"ఇప్పుడు మంచం మీదున్నది అప్పే గదా. ఇవి వండి పెట్టు," అంది. దేవుడి బియ్యం అమ్మ ఏనాడూ నోట పెట్టలేదని చెప్పబోయాను. వినలేదు. చేపల పులుసుతో అన్నం పెట్టి పంపింది.

మూడు గంటల రైల్లో మళ్ళీ అదే సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇచ్చినట్టా, ఇవ్వనట్టా? అమ్మ తింటుందా, నన్ను తిట్టి మళ్ళీ పంపుతుందా? గుడికి తాళం పడితే పిడికెడు మాత్రం అప్పన్న పటం కింద సాగుతోంది. ఇదంతా ఎవరి భక్తో నా బుర్రకెక్కలేదు.

తుని దగ్గర ఇంటికి ఫోన్ చేశాను. మా ఆయన అమ్మకిచ్చారు. జరిగిందంతా చెప్పాను. అవతల ముక్కు చీదిన చప్పుడు.

"నరసమ్మ నాకు పంపిందా?"

"అవునమ్మా. తింటావా?"

"తింటాను. బేగి రా. గంజి పల్సగా కాయి... ఒసే, ఎసట్లో పోసే ముందు పిడికెడు తీసి డబ్బాలో ఎయ్యడం మర్సిపోకు."

ఆ డబ్బా నిండితే మళ్ళీ ఎవరు మోస్తారని అడగబోయాను. అప్పటికే ఫోన్ పెట్టేసింది.