తేలూ, బాణాల యంత్రమూ, మా ఓనరాంటీ

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో నేను ఎల్‌బీ నగర్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో సోషల్ టీచర్ని. బంద్ అంటే బడికి సెలవు, సెలవంటే నాకు పండగే. బాధల్లా ఒక్కటే. మా ఇంటి ఓనరాంటీ నాతో మాటలు మానేసి రెండు నెలలైంది. ఆవిడది గోదావరి వైపు, మాది నల్లగొండ పక్క పల్లె. నాలుగేళ్లుగా కింద ఆవిడ, పైన నేను. ఆవిడ ఆవకాయ లేనిదే నాకు ముద్ద దిగేది కాదు. నేను ఉద్యమం వాళ్లు రోడ్డు మీద పెట్టిన వంటావార్పుకు వెళ్లి గరిటె తిప్పి వచ్చిన రోజు నుంచి ఆవకాయ లేదు, పలకరింపూ లేదు. గేటు దగ్గర ఎదురుపడితే మొహం తిప్పుకునేది. నాకు ఒళ్లు మండేది. నేనే తగ్గి పలకరించాలా ఏమిటని బిగుసుకు కూర్చున్నాను. లోపల మాత్రం ఏడుపొచ్చేది, ఏ పొద్దున ఇల్లు ఖాళీ చెయ్యమంటుందోనని గుబులు కూడా.

అప్పుడే బళ్లో ఎగ్జిబిషన్ అన్నారు. రెండు వేల ఏళ్ల కిందట రోమన్లు కోటల మీదికి బాణాలు విసిరిన యంత్రాన్ని చేద్దామని నేనూ, లెక్కల సారూ పూనుకున్నాం. అందులో చిన్న రకాన్ని వాళ్లు తేలు అనేవాళ్లట. పిల్లలు తికమక పడకుండా అసలు తేలుకీ, యంత్రానికీ తేడా చార్టు మీద నేనే రాశాను. తేలు, మీద చెయ్యో కాలో పడితేనే కుడుతుంది, దానికి ఎవరి మీదా పగ ఉండదు. యంత్రానికైతే తాళ్లు మెలిపెట్టాలి, గురి చూడాలి, అది ఎవరి కోటో ముందే అనుకోవాలి. రాసుకుని మురిసిపోయాను.

బంద్ రోజున మిగిలిన పని మా ఇంటి ముందు పెట్టుకున్నాం. సారు దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచొచ్చాడు. బేరం లేదని అరటిపళ్లాయన ఇచ్చిన తోపుడు బండి మీద యంత్రాన్ని బిగించాం. తాళ్లు మెలిపెట్టీ మెలిపెట్టీ అరచేతులు బొబ్బలెక్కాయి. ఇద్దరం లాగి వదిలితే బాణం మా కాళ్ల దగ్గరే పడింది.

"కోట సంగతి దేవుడెరుగు మేడం, గీదాంతోని కోళ్లగూడు గూడ కూలదు," అన్నాడు సారు.

అంతలో ఆంటీ బయటికొచ్చింది. "ఈ చెక్కలన్నీ ఇక్కడెందుకండీ?" అని సారునే అడిగి, నావైపు చూడకుండా గోడవారనున్న చెక్క పలక ఎత్తింది. మరుక్షణం కెవ్వుమంది. పలక కింద ఎర్రతేలు. కుట్టింది ఆవిడను, తేలు కుట్టిన దొంగలా నిలబడింది నేను. ఆ పలకను సరూర్‌నగర్ కట్టెల అడితి నుంచి తెచ్చి అక్కడ పడేసింది నేనే మరి.

"చింతగింజ!" అన్నాను. "చింతపిక్క!" అంది ఆవిడ. రాతి మీద అరగదీసి వేలికి అంటించాను. మా అమ్మమ్మ అంటిస్తే విషం పీల్చినంతసేపూ అతుక్కుని, ఆనక రాలిపోయేది. ఇక్కడ గింజ అతుక్కునే ఉంది, ఆంటీకి మాత్రం ఒళ్లంతా చెమటలు పట్టాయి, వాంతయింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆటోల్లేవు, బస్సుల్లేవు. సారు మారుమాట లేకుండా పానా తీసుకుని, మూడు రోజుల మా కష్టాన్ని ఊడదీసి నేల మీద పడేశాడు. ఆంటీని బండెక్కించి తోశాం.

మెయిన్ రోడ్డంతా జనం, పొయ్యిలు, పులిహోర గుండిగలు.

"ఏమైందక్కా?"

"ఎర్రతేలు కుట్టింది, జర జరుగుండ్రన్నా!"

నలుగురు గరిటెలు పక్కన పెట్టి వచ్చి బండి పట్టారు. "ఏం గాదు పెద్దమ్మా, దవాఖాన గిక్కడ్నే," అని ఒకాయన ధైర్యం చెబుతుంటే, ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని తల ఊపింది. ఇంటి దగ్గర అన్ని కేకలు పెట్టిన మనిషి అక్కడ మూలుగైనా బయటికి రానివ్వలేదు. నొప్పి తగ్గిందేమోనని నేను సంబరపడ్డాను. నా తెలివి అలా తెల్లారింది.

దవాఖానలో మాత్ర వేశారు, సెలైన్ పెట్టారు. సాయంత్రానికి గండం గడిచిందన్నాడు డాక్టరు. పక్కన కూర్చున్న నన్ను ఆవిడ రెండు నెలల తర్వాత సూటిగా చూసింది.

"రోడ్డు మీద నోరు తెరవలేదు, చూశావా? తెరిస్తే మా యాస తెలిసిపోద్ది. బండి వదిలేస్తారేమోనని..." నావైపు ఒత్తిగిలింది. "నిజం చెప్పమ్మాయ్. మీ రాష్ట్రం మీకొచ్చేస్తే నన్ను పొమ్మంటారా?"

ఇన్నాళ్లూ నేను కోపమనుకున్నది భయమన్నమాట. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఇల్లు మీది ఆంటీ, కిరాయికున్నది నేను," అన్నాను. "మీరెక్కడ పొమ్మంటరోనని రెండు నెలల సంది నాకే నిద్ర పడ్తలేదు."

ఆవిడ సూది లేని చేత్తో నా నెత్తి మీద ఒక మొట్టికాయ వేసింది. గట్టిగానే వేసింది.